సున్నపు గీతల గది

మా బావ ఆ స్థలంలో పెట్టిన మొదటి అడుగు నాకు గుర్తు లేదు. వేసిన మొదటి వేటు మాత్రం గుర్తుంది. కారు దిగీ దిగగానే మేస్త్రి చేతిలో గొడ్డలి లాక్కుని, దారి పక్కనున్న లేతచెట్టు మొదట్లో ఒక్కటి వేశాడు. పచ్చికర్ర పగిలిన చప్పుడు వాగు అవతలి గుట్టకి తగిలి తిరిగొచ్చింది. కొమ్మల్లోని పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

"అడ్డంగా ఉంది," అన్నాడు.

"బావగారూ, అది చెట్టు. నిలువుగానే ఉంది," అన్నాను.

అందరూ నవ్వారు. మా చెల్లెలు నవ్వలేదు. వంగి, చెట్టుకి పడిన గాటు మీద బొటనవేలు పెట్టి, నెత్తురు ఆపుతున్నట్టు అదిమి పట్టుకుంది.

నేను ఇళ్ళు గీస్తాను. ఇల్లంటే నాకు వెలుతురు. అది లేని ఇంట్లో ఎన్ని సామాన్లున్నా వెలితే. కిటుకంతా కిటికీలో ఉంది, గోడ పెరిగేకొద్దీ గొడవ పెరుగుతుంది అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాను, వాళ్ళు వినకపోయినా వాళ్ళ పక్కింటివాళ్ళు వింటారు, నా గొంతు అలాంటిది. చెల్లెలి మొగుడు నాకు బావ, నేను ఆయనకి బావని. ఈ బావాబావల మధ్య బావురుమన్నది మాత్రం మా చెల్లెలు. అది కూడా చప్పుడు కాకుండా.

ఆ స్థలం చెల్లెలిదే. కళ్ళద్దాల దుకాణంలో గాజుబిళ్ళలు అరగదీసే పని దానిది. ఊరి జనంలో సగం మంది అది అరగదీసిన అద్దాల్లోంచే లోకాన్ని చూస్తారు. జీతంలో మిగిల్చి, వాగు ఒడ్డున, చెట్లూ బండలూ ఉన్న నేలచెక్క ఒకటి తన పేరు మీద కొనుక్కుంది. కొన్న మర్నాడే నా ఆఫీసుకొచ్చింది. కుడి మణికట్టుకి కట్టుంది.

"అన్నయ్యా, నాకో ఇల్లు గీసిపెట్టు. చిన్నది. చీకటి మూల ఒక్కటి కూడా ఉండకూడదు."

"మూల లేకపోతే ముసలితనంలో ఎక్కడ కూర్చుంటావే?"

"నవ్వులాట కాదు. ఇంట్లో ఎక్కడ నిలబడ్డా బయటికి కనిపించాలి. దారినపోయే ఎవడికైనా సరే."

"అది ఇల్లా, దుకాణమా?"

"దుకాణంలో నన్నెవరూ ఏమీ చెయ్యరు," అంది.

అక్కడ నేను ఆగాల్సింది. ఆగలేదు.

"చెయ్యేమైంది?"

"తలుపులో నలిగింది."

"ఓహో, ఈసారి తలుపు చెయ్యి చేసుకుందన్నమాట!" అని పగలబడి నవ్వాను.

నా జోకులకి నవ్వడం చిన్నప్పటినుంచీ దాని డ్యూటీ. ఆ రోజు డ్యూటీ ఎగ్గొట్టింది.

నాకు తెలియదని చెప్పను. పదకొండేళ్ళలో తలుపులు దాన్ని తొమ్మిదిసార్లు కొట్టాయి. మెట్లు నాలుగుసార్లు తోశాయి. ఒక కుళాయి పన్ను విరగ్గొట్టింది. ఇళ్ళు గీయడమే బతుకుగా ఉన్నవాణ్ణి, అంత కోపిష్ఠి ఇంటిని నేనెక్కడా చూడలేదు. అయినా అడగలేదు. బావగారిని అడగడమేమిటి, మర్యాద కాదు కదా! మర్యాదకి మరో పేరు పిరికితనమైనప్పుడు మనిషి ఎంత మర్యాదస్తుడో మీకు తెలియంది కాదు.

కానీ గీశాను. ప్రాణం పెట్టి గీశాను. ఇరవై ఆరు అడుగుల పొడవు, పదహారు వెడల్పు. పొద్దుటి ఎండ గిన్నెల మీద పడేలా వంటిల్లు తూర్పున. వాగువైపు అడుగున్నర ఎత్తున, కాళ్ళు చాపుకుని కూర్చునేంత లోతైన కిటికీ. పడమటి ఎండ పొడవకుండా నాలుగడుగుల చూరు. స్నానాలగదికి పై కప్పులో గాజుపలక, ఒంటి మీద నీళ్ళతో పాటు వెలుగూ జారేలా. స్థలం నడుమ ఏనుగంత బండ ఉంటే దాన్ని పగలగొట్టనివ్వకుండా ఇంటికి వెనకగోడ చేశాను. ఆ ఇంట్లో నీడ కూడా అనుమతి తీసుకుని రావాలి.

అట్టముక్కలతో నమూనా చేసి, టార్చిలైటుని సూర్యుడిలా తిప్పి చూపించాను. చెల్లెలు ఒక కన్ను మూసి కిటికీలోంచి లోపలికి చూసింది. దాని మొహం మీద చిన్న చిన్న వెలుగు చదరాలు పడ్డాయి.

మా బావ కంకరమిల్లులో సూపర్‌వైజరు. రోజంతా రాళ్ళు పగలడం చూస్తాడు. నమూనా మీద అరచెయ్యి పెట్టాడు. కోపంగా కాదు, కాగితం మీద ముద్ర వేసినట్టు నింపాదిగా అణిచాడు. కప్పు, కిటికీలు, చూరు, అన్నీ కరకరమంటూ చెయ్యంత మందానికి దిగిపోయాయి.

"నా పెళ్ళాం స్నానం చేస్తుంటే కాకులు చూడాలా బావా?" అన్నాడు నవ్వుతూనే. "మిగతాదంతా నీ ఇష్టం. పడగ్గదికి మాత్రం నాలుగువైపులా తొమ్మిదంగుళాల గోడ. కిటికీ వద్దు. గొళ్ళెం బయట."

"బయటెందుకండీ?"

"నా ఇష్టం."

"బాగుంది! గొళ్ళెం బయట, గోల లోపల!" అన్నాను.

బావ పడీ పడీ నవ్వి నా వీపు మీద చరిచాడు. ఆ చరుపు రెండురోజులు మండింది. నేను కూర్చుని గది గీశాను. పదడుగులు, పదకొండడుగులు. నా పెన్సిలుతోనే, నా చేత్తోనే.

చెల్లెలు ఆ కాగితం చూసి, మడిచి, మళ్ళీ మడిచి, గుప్పిట్లో పట్టేంత చేసింది.

"ఒక్క గది చాల్లే అన్నయ్యా, ఇల్లంతా ఆరిపోవడానికి."

గోడలు లేచేలోపు ఆ గదిని ఎలాగైనా తీయించమని అడిగింది. అంతకుమించి ఏమీ అడగలేదు. సరే, 'ముగ్గు' నాడు మాట్లాడతాలే అన్నాను.

ముగ్గంటే మా పనిలో పునాది తవ్వకముందు నేల మీద సున్నంతో గోడల గీతలు వేయడం. అందరూ గీతలు వేసి తవ్వేస్తారు. నాకో పద్ధతుంది. ఇంటివాళ్ళు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ గీతల్లో కాపురం చెయ్యాలి. పొయ్యి స్థానంలో మూడు రాళ్ళు, మంచం స్థానంలో చాప. లోపలికీ బయటికీ ద్వారం వదిలిన చోటునుంచే నడవాలి. గీత తొక్కారో గోడకి తల కొట్టుకున్నట్టే లెక్క, మళ్ళీ గుమ్మం దగ్గరికెళ్ళి మొదలుపెట్టాలి. అలా ముగ్గులోకి దింపే చాలామంది కాపురాలు నిలబెట్టాను. స్నానాలగది తలుపు తెరిస్తే వంటింట్లో భార్య వీపుకి తగులుతుందని గోడ కట్టాక తెలిసి ఏం లాభం?

ఆ రోజు మేం ఐదుగురం. చెల్లెలు, బావ, నేను, మేస్త్రి, వడ్రంగి. మేస్త్రిని అందరూ తాపీ అంటారు, చేతిలోనూ తాపీయే, నడకలోనూ తాపీయే. ముప్పై ఏళ్ళ పనిలో ముగ్గుగీత మీద కాలు వెయ్యని మనిషి. కర్ర పట్టుకుంటే సాము మొదలెట్టే వడ్రంగిని కర్రసాము అంటారు. ఇద్దరికీ వారానికోసారి కొట్టుకోకపోతే తిన్నది అరగదు.

బావ ఆటని నాకంటే శ్రద్ధగా ఆడాడు. హాజరుపట్టీ మనిషి కదా. లేని కాలిపట్టా మీద బూట్లు తుడుచుకున్నాడు. లేని తలుపు పిడి తిప్పాడు. కర్రసాము కొలబద్ద పట్టుకుని హాల్లోకి అడ్డంగా వస్తే కసిరాడు.

"గోడలోంచి వస్తావేంట్రా, దయ్యానివా?"

"తప్పయింది సార్," అని కర్రసాము నుదురు రుద్దుకుని, చుట్టూ తిరిగి గుమ్మంలోంచి వచ్చాడు. మేం నవ్వాం. రెండుగంటలు గడిచేసరికి ఎవరూ నవ్వడం లేదు. గోడలు నిజంగానే లేచినట్టున్నాయి. నేను కూడా లేని చూరుకి తల తగులుతుందని వంగి నడుస్తున్నాను.

మధ్యాహ్నం అన్నాల ముందు తాపీకీ కర్రసాముకీ రేగింది. పడగ్గది తలుపు లోపలికి తెరవాలా, బయటికి తెరవాలా?

"గొళ్ళెం బయటుంటే తలుపు బయటికే తెరవాలి. ఆ మాత్రం తెలీదా మట్టిబుర్రా?"

"మట్టిబుర్రే నీకు ఇల్లు కడుతోంది. నీది చెక్కబుర్ర, చెదలు పట్టింది."

కర్రసాము చెక్కసుత్తి విసిరాడు. అది తాపీ కనుబొమ్మ చీల్చుకుంటూ పోయింది. తాపీ తాపీగా నెత్తురు తుడుచుకుని, తాపీగా వచ్చి, కర్రసాము మెడ పట్టి ఇసకలో పడేసి వాడి పొట్ట మీద కూర్చున్నాడు. కింద వాడు గుద్దుతున్నాడు, పైన వీడు ఊగుతున్నాడు.

"లే! ఊపిరాడట్లేదు!"

"బయటికా లోపలికా చెప్పు, లేస్తా."

"ఊపిరా, తలుపా?"

చెల్లెలు నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, తల వెనక్కి వాల్చి, చిన్నప్పుడు నా జోకులకి నవ్వినట్టు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ రెండడుగులు వెనక్కి వేసి వంటింటి గీత తొక్కి బయటపడింది.

బావ చూశాడు.

"లోపలికి రా," అన్నాడు.

చాలా మెల్లగా అన్నాడు. ఆ గొంతు నాకు కొత్త. చెల్లెలికి పాతే. నవ్వు కత్తిరించినట్టు ఆగిపోయింది. తాపీ, కర్రసాము ఇసకలోంచి లేచి నిలబడ్డారు. చెల్లెలు గబగబా గుమ్మం దగ్గరికెళ్ళి, గుమ్మంలోంచి హాల్లోకి, హాల్లోంచి పడగ్గది ద్వారంలోకి, ఒక్క గీత తొక్కకుండా నడిచింది. బావ వెనకే వెళ్ళాడు. లోపలికెళ్ళి, వెనక్కి తిరిగి, లేని తలుపుని చేత్తో మూశాడు.

తర్వాత కొట్టాడు.

మొదటిది చెంప మీద. దాని తల పక్కకి తిరిగిపోయింది. రెండోది కట్టు ఉన్న మణికట్టు మీద, చూసి మరీ. కూలబడితే డొక్కలో కాలితో తన్నాడు, రెండుసార్లు, బస్తా సర్దినట్టు. నడినెత్తిన ఎండ. చుట్టూ గోడ కాదు కదా, గడ్డిపోచ అడ్డం లేదు. పదడుగుల దూరంలో ముగ్గురం మగాళ్ళం నిలబడి ఉన్నాం. ఆయన మా వైపు ఒక్కసారైనా చూడలేదు. ఆయనకి అక్కడ తొమ్మిదంగుళాల గోడ ఉంది. పదకొండేళ్ళ అలవాటున్న గోడ.

చెల్లెలికీ ఉంది. అందుకే చీరచెంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు బయటికి రాకుండా తింటోంది ఆ దెబ్బలు.

అసలు సిగ్గుచేటు చెప్పనా? మాకూ ఉంది. కర్రసాము పరుగెత్తబోయి, ద్వారం ఎటుందా అని వెతుకుతున్నాడు. నేనైతే కదలనే లేదు. మొగుడూ పెళ్ళాల గది బయట నిలబడ్డ బావమరిది ఎలా నిలబడాలో అలాగే, తల పక్కకి తిప్పుకుని నిలబడ్డాను. నోట్లో ఒక జోకు కూడా తయారవుతోంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక నాకే చేదు.

బావ పని ముగించుకుని, చొక్కా సర్దుకుని, ద్వారంలోంచి బయటికొచ్చాడు. వెనక్కి తిరిగి, గాల్లో చెయ్యి అడ్డంగా జరిపి గొళ్ళెం పెట్టాడు.

లోపల చెల్లెలు అలాగే కూర్చుని ఉంది. ఎటు లేచి నడిచినా వాగు, చెట్లు, దారి. అది కదల్లేదు. గొళ్ళెం పెట్టి ఉంది కదా.

అప్పుడు తాపీ కదిలాడు. కనుబొమ్మ నెత్తురు కంట్లోకి కారుతుండగా, ఎప్పటి నడకతోనే, నేరుగా గోడలోంచి నడిచాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి గీత తొక్కాడు. సున్నం పాదాల కింద చెదిరింది. చెల్లెలి ముందు కూర్చుని, "లే అమ్మా," అన్నాడు.

"గోడలోంచి వెళతావేంట్రా!" బావ అరిచాడు. "నా పడగ్గదిలోకి! నేనుండగా నా గదిలోకి!"

"గది ఏది సార్?" అన్నాడు తాపీ.

బావ కిందికి చూశాడు. అప్పుడు చూశాడు. సున్నం గీత, దాని మీద తాపీ పాదం అచ్చు, దాని అవతల మేం. మొహం మీద రంగు పోయింది. ఎంతైనా లోపల సిగ్గుపడతాడేమో అని ఒక్క క్షణం ఆశపడ్డాను. ఆ సిగ్గు గడ్డపార పట్టుకుంది.

మొదటి దెబ్బ తాపీ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు, ఆనాడు చెట్టు పగిలిన చప్పుడు ఒకటే. కర్రసాము సుత్తి పట్టుకుని మీదపడితే గడ్డపార మొద్దుకొనతో వాడి కడుపులో పొడిచాడు. వాడు ముడుచుకుపోయాడు. నేను అప్పుడు పరుగెత్తాను. గీత తొక్కాను, పదకొండేళ్ళు ఆలస్యంగా. కొట్టడం నాకు రాదు. మాటలతో తప్ప ఎవర్నీ పొడవలేదు. అందుకే తలతో కుమ్మాను. బావ వెనక్కి తూలి, మోచేత్తో నా మూతి మీద ఒక్కటిచ్చాడు. ముందుపళ్ళు రెండు నా నోట్లోనే రాళ్ళలా దొర్లాయి. కింద పడ్డాను. పైన ఆకాశం, దానికి అడ్డంగా గడ్డపార లేచింది.

"జోకులేస్తావా?" అన్నాడు. "ఎయ్యి ఇప్పుడు."

నోట్లోని పళ్ళు ఉమ్మేశాను.

చెల్లెలు లేచింది. ద్వారంవైపు వెళ్ళలేదు. గోడలోంచి నేరుగా వచ్చి, తట్టలోని సున్నం పొడి రెండు చేతులా తీసుకుని, ఆయన కళ్ళలో కొట్టింది.

ఆ అరుపు మనిషిది కాదు. గడ్డపార నా చెవి పక్క మట్టిలో దిగింది. బావ రెండు అరచేతులతో కళ్ళు నలుపుకుంటూ వాలులో దొర్లి వాగు ఒడ్డున బండకి తగిలి ఆగాడు. కర్రసాము వెనకే పరుగెత్తి జుట్టు పట్టుకున్నాడు.

"నలపనివ్వకు!" చెల్లెలు అరిచింది. అది కళ్ళద్దాల దుకాణం గొంతు. "చేతులు వెనక్కి పట్టు! మొహం నీళ్ళలో పెట్టు. రెప్పలు విప్పి పట్టి కడుగు, పావుగంట. ఆపొద్దు!"

"ముంచెయ్యమంటారా అమ్మా?" అన్నాడు కర్రసాము ఆశగా.

"కడగమన్నాను!"

కర్రసాము కడిగాడు. మనిషి తలని ముంచుతూ లేపుతూ, బట్టలు ఉతికినట్టు కడిగాడు. చెల్లెలు ఒడ్డున నిలబడి, విరిగిన మణికట్టు గుండెకి ఆనించుకుని, చేతిగడియారం చూస్తూ పావుగంటా నిలబడింది. ఒక్క నిమిషం తగ్గించలేదు. ఒక్క నిమిషం పెంచలేదు కూడా.

కళ్ళు పోలేదు. ఆస్పత్రిలో కళ్ళు తుడిచి, గంతలు కట్టి, పక్కనే పోలీసుని కూర్చోబెట్టారు. ఠాణాలో ఇన్‌స్పెక్టరు మా ముగ్గుర్నీ ఎగాదిగా చూశాడు. భుజానికి కట్టుతో తాపీ, పొట్ట పట్టుకుని కర్రసాము, పళ్ళు లేని నేను.

"ఇలాంటి కేసుల్లో సాక్షులు దొరకరు," అన్నాడు. "పడగ్గదిలో జరిగింది మీరు ముగ్గురూ ఎలా చూశారు?"

"గోదలు ఇంకా కత్తలేదండీ," అన్నాను. పళ్ళు లేక మాట నత్తిగా వచ్చింది. జీవితంలో మొదటిసారి నా మాటకి ఎవరూ నవ్వలేదు, నేనూ నవ్వించాలని అనలేదు.

నలుగురం సంతకాలు పెట్టాం. చెల్లెలు ఎడమచేత్తో పెట్టింది. తలుపుల గురించీ, మెట్ల గురించీ, కుళాయి గురించీ కూడా రాయమంది. ఇన్‌స్పెక్టరు రాస్తూ పోయాడు. వింటూ కూర్చోవడం నాకు శిక్ష, దాన్ని నేను అప్పీలు చేసుకోలేదు.

మూడోరోజు మళ్ళీ స్థలానికి వెళ్ళాం. వర్షం పడలేదు, గీతలు అలాగే ఉన్నాయి. పడగ్గది నేల మీద పాదాల గుర్తులు, ఎండి నల్లబడ్డ రెండు మరకలు. చెల్లెలు పార అడిగింది. మణికట్టు బాగాలేదు, నేను గీకుతానన్నాను. వద్దంది. ఒంటిచేత్తో, పార కట్టె చంకలో ఇరికించుకుని, పదడుగులు, పదకొండడుగులు, మళ్ళీ పదడుగులు, మళ్ళీ పదకొండడుగులు గీకేసింది. గంట పట్టింది. తాపీ ఆ గంటంతా పక్కనే నిలబడ్డాడు, సాయం చెయ్యకుండా. అలా నిలబడటం కూడా ఒక పనే అని నాకు అప్పుడే తెలిసింది.

"ఇక్కడేం కట్టమంటావే?" అడిగాను.

"ఏమీ వద్దు. ఎండ పడనీ."

ఇల్లు పదహారూ పదహారు అయింది. ఒకే గది, చుట్టూ గాజు, వెనక బండ. గాటు పడిన చెట్టు బతికింది, గాటు చుట్టూ బెరడు పెదవిలా ఉబ్బింది. దాని నీడ మధ్యాహ్నం దాకా మంచం మీద కదులుతుంది. బావ జైలునుంచి ఇద్దరు మనుషుల్ని రాజీకి పంపాడు. దారిలో నిలబడితే చాలు, ఇంట్లో మూల మూలా కనిపిస్తుంది. కర్రసాము చెక్కసుత్తి పట్టుకుని చూరు కింద కూర్చుని ఉండటం కూడా కనిపించింది. దారిలోంచే వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

తలుపు బిగించే రోజు చెల్లెలు కర్రసాముని పిలిచింది.

"గొళ్ళెం ఒకటే. లోపల."

మొన్న ఆదివారం వెళ్ళాను. కిటికీ గట్టు మీద కాళ్ళు చాపుకుని గాజుబిళ్ళ ఒకటి వెలుతురుకి పెట్టి చూసుకుంటోంది. నేను దానికి కనిపిస్తున్నాను, అది నాకు కనిపిస్తోంది. తలుపు తోశాను. గొళ్ళెం పెట్టి ఉంది.

"తియ్యవే, కనిపిస్తూనే ఉన్నానుగా!"

"కనిపిస్తే తియ్యాలా?" అంది లోపలినుంచి, తల తిప్పకుండా. "అడగాలి."

నా గొంతు ఊరందరికీ తెలుసు. దాన్ని ఎంత తగ్గించాలో తెలియక, ఒకసారి దగ్గి, కట్టుడుపళ్ళు సర్దుకుని అడిగాను.

"రావచ్చా?"

అది గాజుబిళ్ళని ఇంకోవైపు తిప్పింది. చూడాల్సింది ఇంకా ఉన్నట్టుంది. నేను చూరు కింద నిలబడ్డాను.